చెట్టు కింది నేల బోసిగా ఎందుకుంటుంది?

మా పెరట్లోని మామిడి చెట్టు కింద దాదాపు 12 చదరపు మీటర్ల నేల చాలా ఏళ్లపాటు బోసిగా పడి ఉండేది. వానాకాలంలో అక్కడ పాకుడు పట్టేది, ఎండాకాలంలో దుమ్ము లేచేది. మిగిలిన పెరడంతా పచ్చగా ఉండి ఆ ఒక్కచోటే అలా ఉండడం నా కంట్లో నలుసులా ఉండేది. మూడుసార్లు గడ్డి పరిచాను. మూడుసార్లూ అది మొదటి నెలలో కళకళలాడి, రెండో నెలలో పాలిపోయి, సన్నగా పైకి సాగి, నాలుగో నెల వచ్చేసరికి మట్టిలో కలిసిపోయింది. చూసినవారందరూ ఒకే మాట అన్నారు: "నీడ కదండీ, నీడపట్టున ఏం పెరుగుతుంది?" నేనూ అదే నమ్మి కొన్ని కొమ్మలు కొట్టించాను. వెలుతురు పెరిగింది. నేల మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒక పెద్దవాన వెలిసిన మర్నాటి ఉదయం, ఎందుకో తోచి, బొరిగె తీసుకుని ఆ చోట తవ్వి చూశాను. పైన ఒక వేలి మందాన తడి ఉంది. దాని కింద మట్టి పొడిగా, పిండిలా రాలుతోంది. ఆ పొడిమట్టి నిండా వెంట్రుకల్లాంటి వేళ్లు చాపలా అల్లుకుని ఉన్నాయి. పది అడుగులు ఇవతలికి వచ్చి, చెట్టు కొమ్మల అంచు దాటిన చోట అంతే లోతున తవ్వితే మట్టి చేతిలో ముద్ద కట్టింది. ఒకే వాన, ఒకే నేల, మధ్యలో పది అడుగుల దూరం. నేను ఇన్నేళ్లూ వెలుతురు గురించి బెంగపడుతూ, నీళ్ల గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదని అప్పుడే తెలిసింది.

నీడలో నేలను కప్పే మొక్కల గురించి ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పేది ఇదే. చెట్టు కింద మొక్క నిలవకపోతే ఆ తప్పును మనం వెంటనే నీడ మీదకు నెట్టేస్తాం. చాలాచోట్ల అసలు కారణం చెట్టు వేళ్లతో నీటి కోసం జరిగే పోటీ. కారణం తప్పుగా పట్టుకుంటే వైద్యమూ తప్పుతుంది. కొమ్మలు నరకడం, గడ్డి మార్చి మార్చి వేయడం, చివరికి విసిగిపోయి సిమెంటు పోయించడం, ఇవన్నీ ఆ తప్పుడు వైద్యాలే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు, అటవీశాస్త్రంలో నూరేళ్లకు పైగా తెలిసిన విషయమే. 1904లో జర్మనీలో ఫ్రికె అనే అటవీ అధికారి పైన్ చెట్ల కింద కుంగిపోయి ఉన్న చిన్న మొక్కల చుట్టూ కందకం తవ్వించి, పెద్ద చెట్ల వేళ్లు ఆ గడిలోకి రాకుండా తెగ్గొట్టించాడు. పైన ఒక్క కొమ్మ కూడా కదపలేదు, వెలుతురు పిసరంత కూడా పెరగలేదు. అయినా ఆ గడుల్లోని మొక్కలు తేరుకుని పెరిగాయి. అమెరికాలో టూమీ, కీన్‌హోల్జ్ అనే ఇద్దరు 1931లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే పద్ధతిలో సాగింది: తెల్ల పైన్ అడవిలో కందకం తవ్విన గడులు కొన్నేళ్లలో మొక్కలతో నిండిపోయాయి, పక్కనే కందకం లేని గడులు అదే నీడలో బోసిగానే మిగిలాయి. పెరట్లో మనం చెట్టు చుట్టూ కందకం తవ్వలేం, తవ్వకూడదు కూడా. అలా చేస్తే చెట్టే పోతుంది. కాని ఆ ప్రయోగం చెప్పే సంగతిని మాత్రం మనసులో పెట్టుకుని మొక్కను ఎంచుకోవాలి.

చెట్టు పక్షాన ఆలోచిస్తే ఈ పోటీ సహజమైనదే. నీటినీ పోషకాలనూ పీల్చే సన్నని వేళ్లలో అధికభాగం నేల పైభాగంలోని 30 సెంటీమీటర్ల లోపలే ఉంటాయి, ఎందుకంటే గాలి, తడి, కుళ్లిన ఆకుల సారం అన్నీ దొరికేది అక్కడే. అవి కొమ్మల అంచుతో ఆగిపోవు. చాలా చెట్లలో కొమ్మలు పరచుకున్న దూరానికి రెండు మూడు రెట్లు దూరం వెళ్తాయి. దీనికి తోడు చిన్న చినుకు పడినప్పుడు మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వాన ఆకుల మీదే నిలిచి, అక్కడే ఆవిరై పోతుంది. పైన ఆకులు అడ్డుకున్నాక, కింద వేళ్లు లాక్కున్నాక మిగిలిన తడితోనే మనం నాటిన చిన్న మొక్క బతకాలి. గరికకు అది చాలదు.

అయితే వెలుతురు లెక్కలోకి రాదని నేను అనడం లేదు. వెలుతురు ఎంత ఉందన్నదే కాదు, ఎలాంటిదన్నది కూడా ముఖ్యం, ఆ రెండో సంగతిని తోటపని రాతలు తరచుగా వదిలేస్తాయి. గోడ నీడ వేరు, చెట్టు నీడ వేరు. గోడ ఎండను అడ్డుకుంటుంది, కాని పైనున్న ఆకాశపు వెలుతురును అన్ని రంగులతో సహా కిందికి రానిస్తుంది. చెట్టు అలా కాదు. ఆకులు తమకు కావలసిన ఎరుపు, నీలం కాంతిని పీల్చుకుని, 730 నానోమీటర్ల దగ్గర ఉండే, మన కంటికి దాదాపు కనిపించని దూర ఎరుపు కాంతిని దాదాపు యథాతథంగా కిందికి వదిలేస్తాయి. ఆరుబయట ఎరుపుకూ దూర ఎరుపుకూ మధ్య నిష్పత్తి 1.1, 1.2 మధ్యన ఉంటే, చిక్కటి కొమ్మల కింద అది 0.2 దాకా పడిపోగలదు. మొక్కల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ తేడాను పసిగడుతుంది. ఎండకు పుట్టిన మొక్క దాన్ని చూసి తన మీద ఎవరో ఎత్తుగా పెరుగుతున్నారని గ్రహించి, ఉన్న శక్తినంతా కాండం సాగదీయడానికి ఖర్చు పెట్టేస్తుంది. నా గడ్డి రెండో నెలలో సన్నగా పైకి సాగింది అందుకే. నీడకు అలవాటుపడిన మొక్కలు అదే సంకేతానికి అంతగా కంగారు పడవు. అవి ఆ శక్తిని వెడల్పాటి పలచని ఆకుల మీద పెడతాయి.

ఖర్చు లెక్క కూడా చూడాలి. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు సెకనుకు దాదాపు 2000 మైక్రోమోల్‌ల (కాంతి కణాలను లెక్కించే కొలత) కాంతి పడుతుంది. ఆకు తాను శ్వాసించడానికి ఖర్చు చేసేదీ, కిరణజన్య సంయోగక్రియలో సంపాదించేదీ సరిసమానంగా ఉండే కాంతి, అదే కొలతలో, ఎండమొక్కలకు సుమారు 10 నుంచి 20 ఉంటే, నీడమొక్కలకు 1 నుంచి 5 ఉంటే చాలు. చిక్కటి నీడలో నేలను చేరేది పైనున్న ఎండలో ఒకటి రెండు శాతమే, అంటే 20 నుంచి 40. ఎండమొక్క అక్కడ రోజుకు రోజు బొటాబొటిగా గడుపుకొస్తుంది; మబ్బు పట్టిన నాలుగు రోజులు వస్తే దాచుకున్నది కూడా కరిగిపోతుంది. నీడమొక్కకు అదే వెలుతురులో రోజూ నాలుగు గింజలు మిగులుతాయి. దానికి మరో అదృష్టం కూడా ఉంది: కొమ్మలు కదిలినప్పుడు ఆకుల సందుల్లోంచి జారి, నిమిషమో అరనిమిషమో నేల మీద నిలిచే ఎండచుక్కలు. అడవి నేల మీద మొక్కలకు రోజు మొత్తంలో అందే కాంతిలో పెద్దవాటా చాలాసార్లు ఈ చుక్కలదే. అందుకే గోడ పక్కన స్థిరంగా ఉండే నీడ కన్నా, గాలికి కదిలే చెట్టు నీడ కొన్ని మొక్కలకు మేలు చేస్తుంది.

నీడలో బతకడం నేర్చుకున్న మొక్కల్లో నాకు అందరికంటే ఇష్టమైనవి ఫెర్న్‌లు. వాటి వంశం చాలా పాతది, కాని ఇప్పుడున్న జాతుల్లో అధికభాగం పూలమొక్కలు భూమిని ఆక్రమించిన తర్వాత, ఆ పెద్ద చెట్ల నీడలో పుట్టినవే. వాటిలో నియోక్రోమ్ అనే ఒక గ్రాహకం ఉంది. ఎరుపునూ నీలాన్నీ ఒకేసారి గుర్తించే ఆ గ్రాహకం వల్ల అతి తక్కువ వెలుతురులో కూడా అవి కాంతి వైపు తిరగగలవు. దాని జన్యువు ఫెర్న్‌లలో దానంతట అదే పుట్టింది కాదనీ, హార్న్‌వర్ట్ అనే నాచు బంధువు నుంచి దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందట వాటికి చేరిందనీ 2014లో ఒక పరిశోధన తేల్చింది. నీడ అంటే ఏదో లోపం, వెలుతురు లేని పేదరికం అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తుకు వస్తుంది. కోట్ల ఏళ్లుగా నీడనే ఇల్లుగా చేసుకున్న జీవులు ఉండగా, ఎండ కోసం పుట్టిన గడ్డిని తెచ్చి అక్కడ బలవంతంగా నిలబెట్టి, అది చచ్చిపోతే నీడను తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇక ఏ మొక్కలు అన్న ప్రశ్న. జాబితా చూసి కొనకముందు రెండు పనులు చేయాలని నా అభిప్రాయం. ఒకటి, ఆ చోట ఎండ ఎప్పుడు పడుతోందో ఒక రోజంతా గంటకొకసారి చూసి రాసుకోవాలి. సూర్యుడి దారి ఏడాదిలో మారుతుంది కనుక ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూడాలి. పొద్దుటి రెండు గంటల ఎండ చాలా నీడమొక్కలకు మేలు చేస్తుంది; మధ్యాహ్నపు రెండు గంటల ఎండ అవే ఆకులను మాడ్చేస్తుంది. రెండు, వాన వెలిసిన మర్నాడు పది సెంటీమీటర్ల లోతు తవ్వి తడి చూడాలి. ఈ రెండో పని ఎవరూ చేయరు, అన్నిటికంటే ఎక్కువ విషయం చెప్పేది అదే.

తవ్వినప్పుడు మట్టి పొడిగా ఉంటే, అంటే అది చెట్టు కింది ఎండు నీడ అయితే, వేళ్లలోనో దుంపల్లోనో నీళ్లు దాచుకునే మొక్కలు బాగా నిలుస్తాయి. మాండో గడ్డి పేరుకే గడ్డి, నిజానికి గడ్డిజాతి కాదు. సన్నని ముదురాకుపచ్చ ఆకులతో కుచ్చులు కుచ్చులుగా 15, 20 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది, వేళ్ల చివర చిన్న గడ్డలు కట్టుకుని అందులో నీళ్లు దాచుకుంటుంది. దాని దగ్గరి చుట్టమైన లిరియోపి ఆకులు కాస్త వెడల్పు, ఊదారంగు పూలకంకులు వేస్తుంది. స్పైడర్ ప్లాంట్‌ను కుండీ మొక్కగానే చూడడం అలవాటైంది కాని, దాని లావైన తెల్లని వేళ్లను ఒకసారి చూసినవారు దాన్ని నేలలో పెట్టకుండా ఉండలేరు. పిల్లమొక్కలను చుట్టూ వేలాడదీస్తూ, అవి నేల తాకిన చోట పాతుకుంటూ తన దారి తాను చూసుకుంటుంది. పొట్టి రకం స్నేక్ ప్లాంట్, ఆకు అడుగున ఊదారంగు ఉండే రియో కూడా ఎండు నీడకు తట్టుకుంటాయి. చల్లని ప్రాంతాల్లో ఉండేవారికి ఇదే పని ఎపిమీడియం, వింకా మైనర్, వాసన గల ఆకులుండే జెరేనియం మాక్రోరైజమ్ చేస్తాయి. చీకటి మూలలకు అస్పిడిస్ట్రాకు మించినది నేను చూడలేదు, నెమ్మదిగా పెరుగుతుందన్న ఒక్క లోటు తప్ప.

గోడ పక్కన తడి నిలిచే నీడ అయితే మరో లోకం తెరుచుకుంటుంది. ఫెర్న్‌లు, సెలాజినెల్లా, పెపరోమియా, ఆకుల మీద గీతలు గీసినట్టుండే మరాంటా, వెండి మెరుపున్న ఊదారంగు హెమిగ్రాఫిస్ అక్కడ హాయిగా పరుచుకుంటాయి. సరస్వతి ఆకు కణుపు కణుపుకూ వేరు వేస్తూ పాకుతుంది. పూర్తి నీడలో ఆకులు పెద్దవిగా, కాడలు పొడవుగా వస్తాయి, సగం నీడలో చాప పరిచినట్టు నేలకు అంటుకుని పెరుగుతుంది. పిప్పలి తీగ కూడా నీడను కోరే మొక్కే, నేల మీద పాకనిస్తే తమలపాకును పోలిన ఆకులతో అందంగా కప్పుతుంది. గోడ పక్కన ఒక్క విషయంలో జాగ్రత్త పడాలి: సిమెంటు, సున్నం రాలిన మట్టి క్షారగుణానికి వస్తుంది, ఆమ్లగుణం కోరే మొక్కలు అక్కడ పసుపుపచ్చగా పాలిపోతాయి. చూరు కింద సన్నని పట్టీలో వాన అసలు పడదు కనుక అది కూడా ఎండు నీడే అవుతుంది.

రంగుల ఆకుల మీద మోజు పడేవారికి ఒక మాట. తెలుపు, పసుపు మచ్చలున్న భాగంలో పత్రహరితం తక్కువ, కనుక అవి చిక్కటి నీడలో సంపాదించలేవు. మనీప్లాంట్ లాంటివి చీకటిలో మచ్చలు పోగొట్టుకుని పూర్తి ఆకుపచ్చకు తిరిగి వస్తాయి. మచ్చల ఆకులను నీడ అంచున, వెలుతురు కాస్త ఎక్కువగా పడే చోట పెట్టి, లోపలి భాగానికి ముదురాకుపచ్చ మొక్కలను పెట్టుకోవడం మంచిది. మొక్కకు అవసరమైనదీ అదే, కంటికి లోతు కనిపించేదీ అలాగే.

చెట్టు కింద నాటే పద్ధతి మామూలు మడిలో నాటే పద్ధతికి పూర్తిగా భిన్నం, ఇక్కడే ఎక్కువమంది చెట్టుకు అన్యాయం చేస్తారు. గడ్డపారతో నేలంతా తిరగేయడం, పైన అడుగు మందాన కొత్తమట్టి పోసి చదును చేయడం, రెండూ చెట్టు ప్రాణానికి ముప్పే. మొదటిది పీల్చే వేళ్లను తెగ్గొడుతుంది; రెండవది వాటికి గాలి అందకుండా చేస్తుంది. చెట్టు వెంటనే ఎండిపోదు, మూడు నాలుగేళ్ల తర్వాత పైకొమ్మలు ఎండడం మొదలవుతుంది, అప్పటికి మనం చేసిన పని మనకు గుర్తుండదు. బొరిగెతో వేళ్ల సందుల్లో చిన్న చిన్న గుంతలు చేసి, లావుపాటి వేరు తగిలితే పక్కకు జరిగి, కుండీ మొక్కలకు బదులు చిన్న పిలకలనో నారునో నాటాలి. చిన్న మొక్క చిన్న గుంతలో ఇముడుతుంది, పైగా చెట్టు వేళ్ల మధ్య కుదురుకోవడం పెద్దదాని కంటే త్వరగా నేర్చుకుంటుంది. చెట్టు మొదలుకు ఆనించి ఏదీ నాటకూడదు. అక్కడ ఒక అడుగు ఖాళీ వదిలితే బెరడు తడిసి కుళ్లకుండా ఉంటుంది.

దూరం లెక్క ముందుగానే వేసుకోవాలి. 30 సెంటీమీటర్ల దూరంలో నాటితే చదరపు మీటరుకు 11 మొక్కలు, 20 సెంటీమీటర్లకైతే 25, 15 సెంటీమీటర్లకైతే 44 పడతాయి. నా 12 చదరపు మీటర్లకు 20 సెంటీమీటర్ల చొప్పున 300 పిలకలు కావలసి వచ్చాయి. ఒక్కసారే అన్నీ కొనకుండా, నలభై కుచ్చులు తెచ్చి, ఒక మూల మడిలో ఏడాది పెంచి, విడదీసి పిలకలు చేసుకున్నాను. ఆ ఏడాది వృథా అనిపించలేదు, ఎందుకంటే ఆ సమయంలో రాలిన ఆకులను కుళ్లబెట్టి ఎరువు (ఆకుకుళ్లు) తయారు చేసి ఆ నేల మీద రెండు మూడు సెంటీమీటర్ల మందాన చల్లుతూ వచ్చాను. వానలు మొదలయ్యే ముందు నాటడం అన్నిటికంటే మంచిది. చలి గట్టిగా ఉండే దేశాల్లోనైతే ఆకులు రాలే కాలపు ఆరంభం.

మొదటి ఏడాది నీళ్లే సర్వస్వం. ఎండు నీడను ఇష్టపడుతుందని చెప్పిన మొక్క కూడా వేరు పట్టుకున్న తర్వాతే నీటి ఎద్దడిని ఓర్చుకుంటుంది. ఈ మాట సరిగా అర్థం కాకపోవడం వల్ల పోయినన్ని మొక్కలు చీడల వల్ల కూడా పోయి ఉండవు. రోజూ పైపైన చిలకరిస్తే ఆ నీరు చెట్టు పైవేళ్లకే పోతుంది. వారానికి ఒకటి రెండుసార్లు, వేలు లోపలికి పోయేంత లోతు తడిసేలా పోయాలి. పోసేది ఉదయం పూట అయితే, సాయంత్రానికి ఆకులు ఆరి, నత్తలకూ బూజుతెగుళ్లకూ చోటు తగ్గుతుంది. నత్తలు ఎక్కువైతే రాత్రి దీపం పట్టుకుని ఏరడం శ్రమే కాని ఫలితం ఖాయం. తప్పనిసరైతే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు వాడవచ్చు, మెటాల్డిహైడ్ గుళికలు మాత్రం కుక్కలకు విషం కనుక వాటి జోలికి పోవద్దు.

రాలిన ఆకుల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. చెట్టు రాల్చిన ఆకును ఊడ్చి బయట పారేసి, మళ్లీ బయటి నుంచి ఎరువు కొని తెచ్చి అదే చెట్టు కింద వేయడం వంటి అర్థం లేని పని తోటపనిలో మరొకటి లేదు. ఆకు అక్కడే ఉండాలి. కాకపోతే మామిడాకులాంటి దళసరి ఆకులు ఒకదాని మీద ఒకటి అట్టకట్టి చిన్న మొక్కలను ఊపిరాడకుండా చేస్తాయి కనుక, వాటిని ఏరి, కాళ్ల కింద నలిపి ముక్కలు చేసి, మొక్కల సందుల్లో చల్లాలి. మాండో గడ్డి వంటి నిటారు ఆకుల మొక్కల మధ్యకు అవి తమంతట జారి అడుగుకు చేరతాయి. సరస్వతి ఆకు వంటి పొట్టి మొక్కల మీద నుంచి చేత్తో తీయాల్సిందే.

ఈ నియమానికి ఒక మినహాయింపు ఉంది, అది నాచు. జపాన్‌లోని క్యోటోలో సైహోజీ అనే ఆలయ తోట ఉంది. నేలంతా సుమారు 120 రకాల నాచు పరుచుకుని ఉండడం వల్ల దాన్ని కోకెదేరా, అంటే నాచు ఆలయం అని పిలుస్తారు. 1339లో ముసో సోసెకి అనే జెన్ గురువు ఆ ఆలయాన్ని పునరుద్ధరించినప్పుడు అది నాచుతోటగా తలపెట్టినది కాదు. తరువాతి శతాబ్దాల్లో ఆలనాపాలనా తగ్గిన కాలంలో, చెట్ల నీడా నేల తడీ కలిసి నాచును తామే తెచ్చుకున్నాయి. నాచుకు నిజమైన వేళ్లు లేవు, నీటిని ఆకులతోనే పీలుస్తుంది, కనుక చెట్టు వేళ్లతో దానికి పోటీయే లేదు. గట్టిపడిన, సారం లేని మట్టి మీద, మరేదీ రాని చోట అది వస్తుంది. కాని రాలిన ఆకు దాని మీద నిలిస్తే చాలు, వెలుతురు అందక చచ్చిపోతుంది. అందుకే అటువంటి తోటల్లో నేలను రోజూ చేత్తో ఊడ్చి శుభ్రంగా ఉంచుతారు. నాచు కోరుకునేవారు ఆ చీపురును కూడా ఒప్పుకోవాలి.

ఇప్పుడు నాకు బాధ కలిగించే విషయం. నేలను త్వరగా కప్పుతుందని చెప్పి అమ్మే మొక్కల్లో కొన్ని, కప్పడం ఎక్కడ ఆపాలో తెలియనివి. పసుపు పూల వెడేలియాను నేనే ఒకప్పుడు తెచ్చి సగం నీడలో నాటాను. ఆరు నెలల్లో ఆ చోటు నిండింది, ఏడాదికి పక్కమడి పోయింది, రెండో ఏటికి కంచె కింది నుంచి బయటికి పాకింది. తుంచిన ప్రతి ముక్కా కణుపు దగ్గర వేరు వేస్తుంది కనుక దాన్ని పూర్తిగా తీయడానికి రెండేళ్లు పట్టింది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో ఆ మొక్క ఉందని తర్వాత తెలుసుకున్నాను. నాకు ఇచ్చినవారు చెప్పలేదు, నేనూ అడగలేదు. ట్రాడెస్కాన్షియా ఫ్లుమినెన్సిస్ న్యూజిలాండ్ అడవుల్లో నేలను మందపాటి చాపలా కప్పి చెట్ల విత్తనాలను మొలవనివ్వకుండా చేసింది. ఐవీ తీగ ఉత్తర అమెరికా పశ్చిమ తీరపు అడవుల్లో నేలను కప్పి, అక్కడి నుంచి చెట్లెక్కింది. మనీప్లాంట్ నేల మీద పాకుతున్నంత కాలం చిన్న ఆకులతో అణకువగా ఉంటుంది. చెట్టు మొదలు దొరికిందంటే ఎక్కి, ఆకులను జానెడు, మూరెడు చేసుకుంటుంది. దాన్ని నాటితే చెట్టు తాకిన తీగను నెలకొకసారి కత్తిరించే బాధ్యత కూడా తీసుకోవాలి. తీసిన ముక్కలను కాలువల్లో, ఖాళీ స్థలాల్లో పారేయకూడదు. నెమ్మదిగా పెరిగే మొక్కను ఎంచుకోవడం అన్నది నా దృష్టిలో ఓపికకు పరీక్ష కాదు, మన కంచె అవతల ఉన్న నేల పట్ల మర్యాద.

ఒకే మొక్కతో మొత్తం కప్పేయడం కూడా నేను సమర్థించను, అది ఫోటోలో ఎంత అందంగా ఉన్నా సరే. చల్లని దేశాల్లో పాకిసాండ్రాను అలా వందల చదరపు మీటర్లు నాటినచోట వొలుటెల్లా అనే శిలీంధ్రం పట్టి ఆకులూ కాండాలూ ఎండిపోయి పెద్ద పెద్ద మచ్చలు ఏర్పడతాయి. మొక్కలు కిక్కిరిసి, తడిగా ఉన్నకొద్దీ అది ఒకదాని నుంచి మరొకదానికి పాకుతుంది. మూడు నాలుగు రకాలు గుంపులు గుంపులుగా కలిపి నాటితే ఒకదానికి తెగులు వచ్చినా మిగిలినవి ఆ ఖాళీని కప్పుకుంటాయి.

ఇంత శ్రమ ఎందుకు, రాళ్లు పరిస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. ప్లాస్టిక్ గడ్డి పరిచేవారూ ఉన్నారు. పైన గట్టి పొర పరిచిన నేలలోకి వాన సరిగా ఇంకదు, రాలిన ఆకు మట్టిని చేరదు, వానపాముకు తిండి ఉండదు. అప్పుడు దెబ్బతినేది పైనున్న చెట్టే. నేలను కప్పిన మొక్క వాన చినుకు దెబ్బను తాను కాచుకుని మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది, నేలను చల్లగా ఉంచుతుంది, కలుపు విత్తనానికి వెలుతురు అందనివ్వదు. చెట్టు తాగే నీటిలో అది కూడా కొంత పంచుకుంటుందన్నది నిజమే. ఆ వాటా చాలా కొద్దిదనీ, నీడనూ ఆకుకుళ్లనూ కలుపుకుంటే లెక్క చెట్టు వైపే మొగ్గుతుందనీ నా పెరడు చూసి నమ్ముతున్నాను.

ఇది నాలుగో ఏడు. మాండో గడ్డి కుచ్చులు ఒకదానితో ఒకటి కలిశాయి, వాటి మధ్య స్పైడర్ ప్లాంట్ తెల్లని చారలు, తూర్పు అంచున పొద్దుటి ఎండ తగిలే చోట హెమిగ్రాఫిస్ ఊదారంగు. మొన్నటి వాన తర్వాత ఒక కుచ్చు పక్కకు జరిపి, మొదటిసారి తవ్విన చోటే మళ్లీ తవ్వాను. నాలుగు వేళ్ల లోతు వరకు మట్టి నల్లగా, చెమ్మగా ఉంది. వానపాము ఒకటి ముడుచుకుని లోపలికి జారుకుంది. చెట్టు మొదలుకు ఉత్తరాన, రెండు పెద్ద వేళ్లు నేలపైకి తేలిన చోట మాత్రం నాటినది ఏదీ నిలవలేదు. అక్కడ ఈ ఏడాది ఏమీ నాటకుండా వదిలేశాను, వేళ్ల సందులో పచ్చగా నాచు పుట్టడం మొదలైంది, ఆ ఒక్కచోట రాలిన ఆకులను రోజూ నేనే చేత్తో తీస్తున్నాను.